మధుమేహమునకు వేఱు పొయ్యి యేల?

మధుమేహము భాగ్యవంతుల వ్యాధి యని పూర్వము వాడుక యుండెడిది. కాలు క్రింద మోపనివారికి, నేయి లేనిదే ముద్ద దిగనివారికి మాత్రమే యది వచ్చునని పెద్దలు చెప్పుకొనెడివారు. నేడా మాట చెల్లదు. భారత వైద్య పరిశోధన మండలివారు దేశమంతట పరీక్షలు జరిపించి 2023వ సంవత్సరమున ప్రకటించిన లెక్కను బట్టి మన దేశమున పెద్దవారిలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదు. మఱి 13 కోట్ల 60 లక్షల మంది దాని గడపమీద నిలిచియున్నారు. పట్టణమని లేదు, పల్లె యని లేదు. ఏ వీధికి పోయినను "షుగరు" అను మాట వినబడని యిల్లు అరుదు.

ఈ వ్యాధి తక్కినవానివంటిది కాదు. జ్వరము వచ్చినచో మందు తెచ్చుట మగవారి వంతు, మ్రింగుట రోగి వంతు; నాలుగు దినములలో అది తీఱిపోవును. మధుమేహమన్ననో, వైద్యుని గదిలో పది నిమిషములే యుండి, తక్కిన నెలయంతయు వంటయింటిలో కాపురము చేయును. వైద్యుడు చీటీమీద "ఆహార నియమము పాటించవలెను" అని యొక్క వాక్యము వ్రాసి యిచ్చును. ఆ వాక్యమునకు వ్యాఖ్యానము వ్రాయవలసినది గృహిణి. అందుచేతనే యీ సంగతిని మనలో మనము ముచ్చటించుకొనుట యవసరమని తలచితిమి.

వేఱు గిన్నె

ఇంట నొకరికి మధుమేహమని తేలిన మఱునాడు సామాన్యముగా జరుగునదేమి? రోగికొక చిన్నగిన్నె వేఱగును. అందు గోధుమరవ్వయో, రాగిజావయో, చప్పిడి కూరయో యుండును. తక్కినవారు యథాప్రకారము పులిహోరయు, బంగాళాదుంప వేపుడును తినుచుందురు. రోగి యొక మూల కూర్చుండి యా పంక్తిని చూచుచు తన జావ త్రాగవలెను. పది దినములు ఓర్చుకొనును. పదునొకండవ దినమున ఎవరును లేనప్పుడు డబ్బా మూత తీయును. ఇది రోగి చాపల్యమని మనము నిందింతుము. పంక్తిబాహ్యుని చేసినవారము మనమే యని తలంపము.

మూడేండ్ల క్రిందట మా యింటను ఈ సమస్యయే వచ్చినది. మా యత్తగారికి అప్పుడేబదియెనిమిది యేండ్లు. కాలిమీది చిన్న పుండొకటి నెలనాళ్ళు మానకపోగా రక్తపరీక్ష చేయించితిమి, మధుమేహమని తేలినది. ఆమె నెమ్మదిగా, "అమ్మాయీ! నా యొక్కదానికై పిల్లల నోళ్ళు కట్టవలదు. నాకింత జావ కాచి పోయుము, చాలును" అనిరి. "అత్తయ్యగారూ! మీకు మంచి చేయునది పిల్లలకు చెఱుపేల చేయును? ఇకనుండి యింటికంతకు నొకటే వంట" అని మేమంటిమి. మావారు బడిలో పిల్లలకు లెక్కలు చెప్పువారు. ఆయన వైద్యుడిచ్చిన పట్టికను చదివి, "ఇది రోగి తినవలసిన తిండి కాదు, మనమందఱమును తినవలసియుండి తినని తిండి" అనిరి. మేము చెప్పదలచినదంతయు ఆ మాటలోనే యున్నది.

వ్యాధి స్వరూపము

మనము తిను అన్నము, రొట్టె, దుంప మొదలగువానిలోని పిండిపదార్థము గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తమున చేరును. ఆ చక్కెర శరీరకణములలోనికి పోవలెనన్న క్లోమగ్రంథినుండి పుట్టు ఇన్సులిన్ అను రసము కావలెను. 1921వ సంవత్సరమున కెనడా దేశములోని టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు దీనిని వేఱుపఱచిరి. ఇన్సులిన్ తాళపుచెవి వంటిది. ఒకటవ రకపు మధుమేహమున తాళపుచెవియే యుండదు. రెండవ రకమున తాళపుచెవి యున్నను తాళము త్రుప్పు పట్టియుండును. తలుపు తెఱువక చక్కెర రక్తముననే నిలిచిపోవును. క్లోమము మఱిన్ని తాళపుచెవులు చేసి చేసి కొన్నియేండ్లకు అలసిపోవును. నడుముచుట్టు చేరిన క్రొవ్వు, కూర్చుండి గడుపు బ్రదుకు, తల్లిదండ్రులనుండి వచ్చిన లక్షణము ఈ త్రుప్పునకు ముఖ్యకారణములు.

"రాత్రి పెందలకడనే తిని పండుకొంటిని, ఉదయమున చక్కెర యెట్లు పెరిగినది?" అని చాలమంది యడుగుదురు. మనము నిద్రించు వేళ కాలేయము తన నిలువలనుండి చక్కెరను రక్తమునకు వదలుచుండును. ఇన్సులిన్ మాట చెల్లుబడి కానిచోట కాలేయము హద్దు లేక వదలును. కాబట్టి పరగడుపు లెక్క పెరిగినంత మాత్రమున రోగి దొంగతనముగా తినెనని శంకింపరాదు.

మన ప్రాచీనులకిది క్రొత్త గాదు. సుశ్రుతుడు ప్రమేహములను పుట్టుకతో వచ్చునవి, అపథ్యమువలన కలుగునవి యని రెండు తెగలు చేసెను. మొదటి తెగవాడు కృశించియుండుననియు, రెండవ తెగవాడు స్థూలుడై, అధికముగా భుజించుచు, పడకను పీటను విడువనివాడై యుండుననియు చెప్పెను. చరకుడు ప్రమేహరోగికి యవధాన్యమును ప్రధానాహారముగా విధించెను. బీదవాడైన రోగి కాలినడకను దూరదేశములు తిరుగవలెననియు, బావులు త్రవ్వవలెననియు సుశ్రుతుని చికిత్స. ముతక ధాన్యము, కాయకష్టము — నేటి వైద్యుడు చెప్పు పథ్యమున కివియే పునాదులు.

పరగడుపున డెసిలీటరు రక్తమునకు 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని చక్కెర యున్నచో మధుమేహమందురు. 100 మొదలు 125 వఱకు గడపమీది స్థితి. మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బిఎ1సి అను పరీక్షలో 6.5 పాళ్ళు మొదలు మధుమేహము. వ్యాధి వచ్చినవారు సామాన్యముగా దీనిని 7 పాళ్ళకు లోపల నుంచుకొనవలెను. పరగడుపున 80 నుండి 130 లోపల, భోజనము మొదలిడిన రెండు గంటలకు 180కి లోపల ఉండుట మేలు. మిక్కిలి వృద్ధులకు వైద్యులు ఈ హద్దును సడలింతురు.

నాలుగు తడవల అన్నము

ఇక వంటయింటికి పోదము. చక్కెర మానినచో చాలునని మనలో పెక్కురి నమ్మకము. తెలుగువారి భోజనమున అసలు చిక్కు చక్కెర కాదు, అన్నము. మన పద్ధతి చూడుడు: పప్పన్నమొక తడవ, కూరన్నమొక తడవ, చారో పులుసో పోసికొని మూడవ తడవ, మజ్జిగతో నాలుగవ తడవ. ఒక్కొక్క తడవకు 100 గ్రాముల వండిన అన్నమని లెక్కించినను 400 గ్రాములగును. అందు పిండిపదార్థము సుమారు 110 గ్రాములు. చెంచాకు 5 గ్రాముల చొప్పున లెక్కకు 22 చెంచాల పంచదారకు సమానము. కాఫీలో ఒక చెంచా మానుకొని మురియువారు ఈ యిరువదిరెంటిని చూడరు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024వ సంవత్సరమున వెలువరించిన ఆహారసూత్రములలో, దినమునకు కావలసిన శక్తిలో ధాన్యములనుండి వచ్చునది 45 పాళ్ళకు మించరాదనిరి. కంచములో సగము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లతో నిండవలెనని వారి మాట. మన కంచములో అన్నము మధ్య పర్వతమై, కూర దాని పాదమున నుండును. ఈ పర్వతమును క్రిందికి దింపుటయే మన పని.

మా యింట చేసిన యేర్పాటిది. అత్తగారికి పూటకు 150 గ్రాముల యన్నము పట్టు గిన్నె యొకటి నిర్ణయించితిమి. ఆ గిన్నెడన్నమును రెండు భాగములు చేసి, ఒకటి పప్పుకూరతోను, రెండవది మజ్జిగతోను తినుట. కూరను అన్నములో కలుపక విడిగా తినుట. చారును గ్లాసులో పోసికొని త్రాగుట. తక్కినవారికి గిన్నె పెద్దది గావచ్చును గాని పద్ధతి యొక్కటే. అన్నపు పాత్రను పంక్తినడుమ నుంచక పొయ్యిగట్టుననే విడిచితిమి. మారు వడ్డన సగము దానంతట నదియే తగ్గినది.

ఇచట నొక రహస్యము కలదు. మన కూరలలో ఉప్పుకారములు అన్నముతో కలుపుకొనుటకు తగినట్లు వేయబడును. అన్నము తగ్గించి కూర హెచ్చింపవలెనన్నచో ఆ కూర ఉట్టిగా నోట పెట్టుకొనుటకు వీలుగా నుండవలెను. కావున ఉప్పుకారములను సగము చేయవలెను. ఇది తెలియక, "కూర హెచ్చుగా తినుడు" అను వైద్యుని మాట విని, పాత రుచితోనే వండి, నాలుక మండి రెండు దినములలో విడిచిపెట్టువారున్నారు. సగముప్పు వలన రక్తపుపోటునకును మేలు; మధుమేహికి రక్తపుపోటు తోడబుట్టువు వంటిది. దినమునకు ఉప్పు మొత్తము 5 గ్రాములకు మించరాదు గావున ఆవకాయను పప్పన్నమునకు ప్రక్కను నంజుకొనుటయే గాని, కలుపుకొని ముద్దలు చేయుట పనికిరాదు.

బీర, సొర, పొట్ల, దొండ, బెండ, వంగ, కాకర, గోరుచిక్కుడు, తోటకూర, బచ్చలి, మెంతికూర — ఇవి ధారాళముగా తినదగినవి. బంగాళాదుంప, చామ, కంద, చిలగడదుంప కూరలని పిలువబడుచున్నను లెక్కకు అన్నపు చుట్టములే. దుంపకూర చేసిన దినమున అన్నము సగమునకు తగ్గవలెను. పప్పు, శనగలు, అలసందలు, పెసలు, పెరుగు, అలవాటున్నవారికి గ్రుడ్డు, చేప — ఇవి చక్కెరను త్వరపెట్టక కండకు బలమునిచ్చును. చారులో తేలియాడు పప్పు చాలదు. ముద్ద నిలుచునంత చిక్కని పప్పు కావలెను.

తినుటలోని వరుసయు ముఖ్యమే. ముందు కూరయు పప్పును తిని, అన్నము చివర తినినచో భోజనానంతరము చక్కెర యంత ఎత్తునకు లేవదని పరీక్షలలో తేలినది. ఖర్చు లేని వైద్యమిది.

చిరుధాన్యములు, బెల్లము, పండ్లు

కొఱ్ఱలు, జొన్నలు, రాగులు తినినచో ఎంతయైనను తినవచ్చునను భ్రమ నేడు వ్యాపించినది. 100 గ్రాముల బియ్యములో పిండిపదార్థము 78 గ్రాములు. జొన్నలోను రాగిలోను సుమారు 67 గ్రాములు. భేదము కొంచెమే. వానిలో పీచు హెచ్చు గనుక మెల్లగా జీర్ణమగుట వాని గుణము. ఆ గుణమైనను వండు విధమును బట్టి యుండును. రాగిపిండిని మెత్తగా కాచి జావ చేసినచో గడగడ త్రాగబడి, వెంటనే చక్కెరగా మారును. మధుమేహికి మొట్టమొదట ఇచ్చు పదార్థము జావయే యగుట విచిత్రము గదా! జొన్నరొట్టె, రాగిరొట్టె కూరతో నమలి తినుట మేలు. ఉదయమున నాలుగిడ్డెనలకు బదులు పొట్టుపెసలతో వేసిన పెసరట్టు, లేక రెండిడ్డెనలును చిక్కని సాంబారును, లేక గుప్పెడు గుగ్గిళ్ళును శ్రేష్ఠము.

బెల్లము, తాటిబెల్లము, తేనె — ఇవి మంచివని చెప్పి మధుమేహికి పెట్టు చుట్టములు ప్రతి యింట నుందురు. రక్తములో చేరిన పిమ్మట వీనికిని పంచదారకును భేదము లేదు. చక్కెర లేనివని అమ్ము బిస్కత్తులలో మైదాపిండి యున్నది; అదియు చక్కెరయే యగును. పండుగనాడు సంగతి యేమందురా? అందఱితోపాటు భోజనముచివర నొక్క అరిసె ముక్క తినుట తప్పుగాదు. ఆ పూట అన్నము కొంత తగ్గవలెను. బొత్తిగా లేదనిపించుకొని చాటున నాలుగు తినుటకంటె, పంక్తిలో గౌరవముగా నొక్క ముక్క తినుట మేలు.

పండ్లను రసము పిండక పండుగానే తినవలెను. జామ, నేరేడు, బొప్పాయి, బత్తాయి మితముగా తినవచ్చును. మామిడి మన దౌర్బల్యము. బంగినపల్లి కాయలో ఒక చెక్క సగము కోసి, దానికి బదులుగా గిన్నెలోని యన్నము తగ్గించినచో ఆ కాలము వ్యర్థము కాదు. అన్నము తిని, దానిపై పండును తినుటయే చెఱుపు.

కాకర, మెంతులు, నేరేడు గింజల పొడి కూరగా, పొడిగా తినుటకు మంచివే. అవి మాత్రలకు బదులు కావు. మా వీధిలో నొక యిల్లాలు ఎవరో యిచ్చిన పొడిని నమ్మి ఆఱు నెలలు మాత్రలు మానినది. కాలివ్రేలి పుండు ముదిరి, వ్రేలు తీసివేయవలసి వచ్చినది. మందు తగ్గించుట, మానుట వైద్యుడు చెప్పవలసిన మాట; పొడి యమ్మువాడు చెప్పవలసినది కాదు.

నడక

"మాకు నడకయేల? తెల్లవారినది మొదలు ఇంటిపని చాలదా?" అని మనలో పలువురందురు. ఇంటిపని మంచిదే. మిక్సీ, గ్యాసుపొయ్యి, బట్టలుతుకు యంత్రము వచ్చిన పిదప రోలు, తిరుగలి, బావి గిలక లేవు గదా! ఊపిరి కొంచెము వేగమగునట్లు వారమునకు 150 నిమిషములు, అనగా దినమునకు అరగంట చొప్పున అయిదు దినములు నడవవలెను. రాత్రి భోజనము చేసి మంచమెక్కక ముందు పది పదునైదు నిమిషములు నడచినచో ఆ భోజనపు చక్కెర పెరుగుట తగ్గును. నడచు కండరము ఇన్సులిన్ సాయము చాల కోరకయే చక్కెరను లోనికి లాగికొనును. వారమునకు రెండు మాఱులు నీటిబిందెవంటి బరువు లెత్తుట, కుర్చీలోనుండి చేతి సాయము లేక లేచి కూర్చుండుట వంటివి చేసినచో కండ నిలుచును.

స్త్రీ యొంటరిగా వీధిని నడచినచో చూచువారి కన్నులు మనకు తెలియును. దానికుపాయము జట్టు. సాయంకాలము బడి విడిచిన పిమ్మట మేమును మా యత్తగారును, మఱి నలుగురు స్త్రీలును బడి ఆవరణలోనే నడచుచుందుము. మొదట నవ్వినవారు ఇప్పుడు మాతో నడచుచున్నారు.

ఇది వట్టి యాశ కాదు. చెన్నపట్టణపు వైద్యులు గడపమీది స్థితిలోనున్న 531 మందిని పరిశీలించి 2006వ సంవత్సరమున ఫలితములు ప్రకటించిరి. మూడేండ్లలో, ఏ మార్పును చేయనివారిలో నూటికి 55 మందికి మధుమేహము వచ్చినది. ఆహారమును నడకను దిద్దుకొన్నవారిలో నూటికి 39 మందికే వచ్చినది. బ్రిటనులో 2017వ సంవత్సరమున వెలువడిన పరిశోధనలో, వ్యాధి వచ్చి ఆఱేండ్లు దాటని స్థూలకాయులు వైద్యుల కనుసన్నల బాగుగా బరువు తగ్గగా, ఏడాది తిరుగునప్పటికి నూటికి 46 మందికి మందులు లేకయే చక్కెర అదుపులోనికి వచ్చినది. అందఱికిని ఇది సాధ్యము కాకపోవచ్చును. అయినను తెలిసిన తొలియేండ్లలో పట్టుదలగా నుండుట యెంత విలువైనదో దీనివలన గ్రహింపవచ్చును.

వేళ తప్పిన భోజనము

పథ్యమనగా తక్కువ తినుట మాత్రమే కాదు, వేళకు తినుట గూడ. ఇన్సులిన్‌ను బలవంతముగా పుట్టించు మాత్రలు మ్రింగువారును, ఇన్సులిన్ సూది వేసికొనువారును భోజనము జాగు చేసినచో చక్కెర హఠాత్తుగా పడిపోవును. చెమట, చేతుల వణకు, గుండెదడ, చెప్పరాని ఆకలి, మాట తడబాటు — ఇవి గుర్తులు. 70కి తగ్గినచో అపాయము. వెంటనే మూడు చెంచాల పంచదార నీట కలిపి త్రాగింపవలెను. పదునైదు నిమిషములకు మరల పరీక్షించి, తగ్గియే యున్నచో మఱియొకసారి యీయవలెను. పిమ్మట భోజనము పెట్టవలెను. స్మృతి తప్పినవారి నోట ఏమియు పోయరాదు, ఆసుపత్రికి కొనిపోవలెను.

ఏకాదశి, కార్తిక సోమవారములుండు సోదరీమణులు ఈ సంగతి మఱువరాదు. రోగికి ఉపవాస నిర్బంధము లేదని పెద్దలే చెప్పుదురు. ఉండియే తీఱవలెనను సంకల్పమున్నచో ముందుగా వైద్యునడిగి మాత్రల వేళలు, కొలతలు మార్పించుకొనవలెను.

పాదముల మాట యొకటి. మధుమేహము కొన్నియేండ్లకు పాదములలోని స్పర్శను తీసివేయును. ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు, బొబ్బ లేచినను తెలియదు. ప్రతి రాత్రియు అరికాళ్ళను, వ్రేళ్ళ సందులను చూచుకొనవలెను. చూపు ఆననివారికి కోడలో మనుమరాలో చూడవలెను. వేసవిని గుడి ప్రదక్షిణములో కాలిన రాతిమీద ఉట్టికాళ్ళ నడువరాదు. తెల్లవారుజామున గాని, ప్రొద్దు గ్రుంకిన పిదప గాని పోవలెను. ఏడాదికొకమాఱు కంటిలోపలి పొరను, మూత్రములో మాంసకృత్తు పోవుచున్నదేమో ఆ సంగతిని తప్పక పరీక్ష చేయించవలెను. కన్నును మూత్రపిండమును చెడువఱకు నొప్పి తెలియదు.

ఇల్లాలే రోగి యయినచో

ఇంతవఱకు రోగి వేఱు, గృహిణి వేఱు అనునట్లు వ్రాసితిమి. ఆ రోగి గృహిణియే యయినచో? మేమీ వ్యాసము వ్రాయుటకు ముఖ్యకారణమిదియే. మగనికి మధుమేహమని తెలిసినచో వంటయింటి క్రమమంతయు మాఱును. అత్తకో మామకో వచ్చినచో మాఱును. ఇల్లాలికి వచ్చినచో ఏమియు మాఱదు. ఆమె మాత్ర మ్రింగి యూరకుండును. ఇంటిల్లిపాదికిని ఇష్టమైనవి వండి, అందఱును తినిన పిమ్మట రెండు గంటలకు కూర్చుండి, గిన్నెకంటిన యన్నమును, పిల్లలు విడిచిన ముద్దను "పాఱవేయుటెందుకు" అని తినును. కూర అయిపోయియుండును, అన్నము మాత్రము మిగిలియుండును. కంచములో సగము కూర యుండవలెనను సూత్రము ఆమె కంచమునకే వర్తింపకపోవును. మిగిలినది వృథా కాకుండ చూచుట సద్గుణమే. ఆ వృథాను తన యొడలిలో నింపుకొనుట సద్గుణము కాదు.

"నా కోసమై కూర హెచ్చుగా చేయుదును, పంక్తిలో మీతో కూర్చుండి తిందును" అని నోరు విప్పి చెప్పుట మనలో పెక్కురికి కష్టము. అందుచేతనే యింటికంతకు నొకటే వంట యనుచున్నాము. అందఱి కంచమును మాఱినప్పుడు ఆమె తన కొఱకు వేఱుగా నడుగనక్కఱలేదు. వేళకు అందఱితో కూర్చుండుటయు ఆమె మందులో భాగమని యింటివారు గ్రహింపవలెను.

గర్భిణిగా నున్నప్పుడు చక్కెర పెరిగి, ప్రసవమైన పిదప తగ్గిన సోదరీమణులు మఱింత మెలకువగా నుండవలెను. ప్రసవమైన ఆఱు మొదలు పండ్రెండు వారముల లోపల ఒకమాఱు, తరువాత ఏడాదికో, మూడేండ్లకు మించకుండనో పరీక్ష చేయించుకొనవలెను. వారికి ముందుముందు మధుమేహము వచ్చు నవకాశము హెచ్చు.

మా యింట ఫలితమేమని యడుగుదురేమో. మా యత్తగారి హెచ్‌బిఎ1సి ఆఱు నెలలలో 8.2 నుండి 6.9కి దిగినది. మాత్రలు మానలేదు, వైద్యుడు హెచ్చింపవలసిన యవసరము రాలేదు. మా పెద్దపిల్లవాడు కాకరకాయ తినుట నేర్చినాడు. చిన్నది ఇంకను నేర్వలేదు. మావారి దట్టి రెండంగుళములు లోపలికి బిగిసినది. వ్యాధి లేనివారికిని ఇంత మేలు కలుగగా దానిని రోగి పథ్యమనుట యెట్లు? తల్లిదండ్రులకు మధుమేహమున్న బిడ్డలు దాని గడపకు దగ్గఱగానే పుట్టుచున్నారు. ఇప్పుడు మనము పెట్టు కంచమే నలుబది యేండ్లకు వారి వైద్యుడు వ్రాయబోవు చీటీ.

వైద్యశాస్త్రము మందును కనిపెట్టినది. పరీక్షాయంత్రమును అరచేతిలోనికి తెచ్చినది. దినమునకు మూడు పూటల జరుగవలసిన చికిత్సను మాత్రము గరిట పట్టినవారి చేతిలోనే యుంచినది. సోదరీమణులారా! రేపు అన్నము వార్చునపుడు ఒక గిన్నెడు తగ్గించి, కూర యొక గిన్నెడు హెచ్చించి చూడుడు. వడ్డించినపుడు మీ కంచమును గూడ పంక్తిలో పెట్టుడు.